ఎదుట లేని తల

అన్న పోయిన పదో రోజు పొద్దున గవర్రాజు తన గుండు తను గీసుకోవడం మొదలుపెడతాడు. నాలుగు గీతలు గీసేసరికి, రాలుతున్న జుట్టు తనది కాదనీ అద్దంలో ఉన్నవాడిదనీ తెలుస్తుంది.

అతను కంగారు పడడు. కత్తి మడిచి, తడి తలను చేత్తో తడుముకుంటాడు. తన జుట్టు తన నెత్తి మీద చెక్కు చెదరకుండా ఉంది. అద్దంలోవాడికి మాత్రం నుదుటి నుంచి నడినెత్తి దాకా తెల్లగా దారి పడింది. రాలిన వెంట్రుకలు చట్రానికి లోపలివైపు, అద్దం అడుగున కుప్పపడుతున్నాయి.

మొదలుపెట్టిన పని కాబట్టి మిగతాది కూడా గీసేస్తాడు. సగం గుండుతో మనిషిని వదిలెయ్యడం వాళ్ళ ఇంటావంటా లేదు, అద్దంలోవాడైనా సరే.

గుండు బాగానే కుదిరింది. ఎక్కడా గాటు లేదు, చెవుల వెనక నలుసంత జుట్టు లేదు. ముప్పై ఒక్కేళ్ళుగా గుడి వెనకాల గుండ్లు గీసే శాలలో, పండగ రోజుల్లో తిండి కూడా మానుకుని పనిచేసిన చెయ్యి మరి. ఎక్కడెక్కడి జనం తలలూ అతని చేతికింద వంగాయి. చొట్ట తలలు, సొట్ట తలలు, రెండు సుడుల తలలు అన్నీ అతనికి తెలుసు. తెలియని తల ఒక్కటే ఉంది. అది అతని మెడ మీదే ఉంది.

ఆ శాలలో పనివాళ్ళు జోడీలుగా ఉంటారు. ఒకడి తల ఇంకొకడు గీస్తాడు. వేరే జోడీలో వాడి తల ముట్టుకోవడమంటే పక్కింటివాళ్ళ మంచమెక్కి పడుకోవడం లాంటిది, ఎవరూ చెయ్యరు. గవర్రాజుకు జోడీ అన్న సోమయ్య. జోడీలో ఒకడు పోతే పదో రోజున రెండోవాడు పోయినవాడి కత్తితో తన తల తనే గీసుకుని రేవులో నీళ్ళు వదలాలి. ఆ తల నున్నగా అయ్యేదాకా పోయినవాడు పీట మీంచి లేవడు.

సోమయ్యా లేవలేదు. ఇంటి వసారాలో, గవర్రాజు వెనకాల, తన పీట మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుల్లోని దూది తీసి పటిక డబ్బాలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. దహనమై తొమ్మిది రోజులు దాటినా మనిషి పెద్దగా మారలేదు, కాస్త ఎండినట్టున్నాడంతే.

సోమయ్య భార్య పైడమ్మ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూస్తుంది.

"మీ అన్న ఇంకా కూర్చునే ఉన్నాడేంటి గవర్రాజూ?"

"అద్దంలోవాడిది గీశాను వదినా. నాది అలాగే ఉంది."

"బాగానే ఉంది సంబడం. తొందరగా కానియ్యి. గోదారి పన్నెండింటి దాకానే ఆగుతానందంట."

గోదారి రేవు మెట్ల దగ్గర నిలబడి ఉంది. దాని పనులు దానికుంటాయి, కింది ఊళ్ళవాళ్ళు బిందెలు పట్టుకుని చూస్తూ ఉంటారు. అయినా సోమయ్య రోజూ తెల్లారకుండా స్నానానికొచ్చే మనిషని మొహమాటపడి ఆగింది. పంతులుగారు మెట్టు మీద కూర్చుని దానికి విసుగు రాకుండా కబుర్లు చెబుతున్నారు.

పన్నెండు దాటితే అది వెళ్ళిపోతుంది. సోమయ్య వెళ్ళడానికి దారి ఉండదు. పిల్లలు లేని మనిషి, నీళ్ళు వదిలేవాడు తమ్ముడు తప్ప ఇంకొకడు లేడు. అటూ ఇటూ కాకుండా ఆ పీట మీదే ఉండిపోతాడు. మొదట కొన్నాళ్ళు మనిషిలాగే ఉంటాడు, తర్వాత్తర్వాత పీటలాగా ఉంటాడు. శాల గోడవారన అలాంటి పీటలు రెండున్నాయి. వాటి మీద ఎవరూ కూర్చోరు.

ఇవన్నీ గవర్రాజుకు తెలుసు. తెలిసినా ఏమీ అనిపించడం లేదు. అదే అతని చిక్కు.

పది రోజుల కిందట సోమయ్య ముందు పొలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తల వంచుకుని కూర్చున్నాడు. సగం తల అయింది. సోమయ్య కత్తి మడిచి పక్కన పెట్టాడు. కాస్త అలిసినట్టు గోడకు ఆనుకున్నాడు, పోయాడు. వెనకాల ఏం జరిగిందో పెద్దాయనకు తెలియదు, తల వంచుకునే ఉన్నాడు. గవర్రాజు అన్న ముఖంలోకి చూశాడు. తర్వాత అన్న కత్తి తీసుకుని మిగిలిన సగం గీశాడు. గంధం రాశాడు. "లెగండి బాబూ, అయిపోయింది" అని చెప్పి పంపించాడు. ఆ తర్వాతే అన్న కళ్ళు చేత్తో మూశాడు.

ఆ సగం తల పూర్తయ్యేసరికి అతని ఎడమచేతి వేళ్ళు మొద్దుబారాయి. మర్నాటికి మొద్దుతనం మోచేతికెక్కింది, మూడో రోజుకి గుండెల్లోకి దిగి అక్కడే ఉండిపోయింది. కాటి దగ్గర నిప్పు కణిక చేతి మీద పడితే ఎవరో చెబితే గాని చూసుకోలేదు. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఊళ్ళోవాళ్ళు ధైర్యస్తుడన్నారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. మనిషి కొయ్యబారిపోయాడు.

ఇంతలో అద్దంలోవాడు లేచి నిలబడతాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటాడు, చట్రం దాటి వసారాలోకి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా రేవు దారి పడతాడు. గవర్రాజు ఆపడు. గుండైనవాడు వెళుతున్నాడు, నీళ్ళు వాడే వదిలి వస్తే పోలా అనుకుంటాడు.

పైడమ్మ పంచదార లేని కాఫీ తెచ్చి ఇస్తుంది. అతను తాగుతాడు. అది కాఫీ అని గ్లాసును బట్టి తెలుసుకుంటాడు.

నాలుగు వీధుల అవతలి రేవులోంచి పంతులుగారి గొంతు పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది.

"గవర్రాజూ! ఎవర్ని పంపించావయ్యా? కుడిచెయ్యి పట్టమంటే ఎడంచెయ్యి పడుతున్నాడు. వీడి చేతి నీళ్ళు ఎగువకి పోతున్నాయి. సోమయ్య వెళ్ళాల్సింది దిగువకి కదా!"

అద్దంలోవాడు తిరిగొస్తాడు. పంచె తడిసి ఉంది. ముఖంలో మాట పడ్డవాడి చిన్నతనం ఉంది. చట్రంలోకెక్కి, వాళ్ళకు వీపు పెట్టి కూర్చుంటాడు. అతని వీపు చూడటం ఇబ్బందిగా ఉండి గవర్రాజు అద్దాన్ని గోడవైపు తిప్పేస్తాడు.

అప్పుడు సోమయ్య మొదటిసారి నోరు తెరుస్తాడు.

"నువ్వు ఎదురుగా ఉన్న తలే గీస్తావురా. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యేం చేస్తుంది? నీ తల నీకు ఎదురుగా ఉండదు. కళ్ళు మూసుకో."

గవర్రాజు కళ్ళు మూసుకుంటాడు.

"ఇప్పుడు ఎడంచెయ్యి ముందు పెట్టు. కుడిచేతిదేముంది, నడవమంటే నడుస్తుంది. దారి చూసేది ఎడంచెయ్యి. చర్మం లాగిపట్టుకుని, కింద ఏముందో చూసి, రమ్మంటే కత్తి రావాలి."

"ఎడంచెయ్యి చచ్చిపోయింది అన్నయ్యా."

"నేనూ చచ్చిపోయాను. మాట్టాడ్డం లేదూ?"

గవర్రాజు మొద్దుబారిన వేళ్ళు నుదుటి మీద పెట్టి, చర్మం వెనక్కి లాగి, కత్తి ఆనిస్తాడు. ఈసారి వెంట్రుకలు ఒళ్ళో పడతాయి. తెల్లవి, పొడిగా, రవ్వలాగా.

సోమయ్య నోటితో ఎక్కువ చెప్పే మనిషి కాదు. శాలలో కూడా ఎవరినీ తల వంచమని అడిగేవాడు కాదు. మెడ వెనక, ముచ్చిలిగుంట మీద, రెండు వేళ్ళతో రెండుసార్లు తట్టేవాడు. ఎంతటివాడైనా ఆ తట్టుకి తల వంచేవాడు. ఇప్పుడు తట్టడానికి అందేంత దగ్గర్లో లేడు కాబట్టి, మాటలు ఖర్చు పెడుతున్నాడు.

"కత్తిని పడుకోబెట్టు. నిలబెట్టకు."

"ఊఁ."

"ఊపిరి బిగపట్టకు. నువ్వు బిగపడితే తల కూడా బిగుస్తుంది."

నుదుటి నుంచి నడినెత్తికి మామూలుగా నాలుగు గీతల దూరం. ఇవాళ నలభై గీతలైనా సుడి రాలేదు. తల పెరిగినట్టు బయటికి తెలియదు, తువ్వాలు కూడా అదే సరిపోతోంది. లోపల మాత్రం చాలా దూరం ఉంది. ఎడమచెయ్యి కళ్ళు లేనివాడిలాగా ముందు వెళుతోంది, కుడిచెయ్యి దాని భుజం పట్టుకుని వెళుతోంది. ఒకచోట తెగింది. రక్తం కనుబొమ దాకా వచ్చింది. గవర్రాజుకు తెలియలేదు.

"పటిక పెట్టుకో" అంటాడు సోమయ్య.

పటిక డబ్బాలో దూది పక్కకు జరిపి, గవర్రాజు పటిక తీసి రుద్దుకుంటాడు. మండదు.

సుడి దాటాక జుట్టు నల్లబడుతుంది. మొదట నెరుపూ నలుపూ కలిసి, తర్వాత ఉత్త నలుపు, తర్వాత కొబ్బరినూనె వాసనతో ఒత్తుగా. వెనక్కి వెళుతున్నకొద్దీ జుట్టుకు వయసు తగ్గుతోంది. ఒకచోట కత్తి కింద టిక్కుమంటుంది. పసుపు అంటిన బియ్యపు గింజలు రెండు ఒళ్ళో పడతాయి. అతని పెళ్ళినాటి అక్షింతలు. భార్య పోయి పదకొండేళ్ళు. గవర్రాజు వాటిని వేళ్ళతో పట్టుకుని చూసి, ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకుంటాడు.

కుడి చెవి వెనక, పదిహేడేళ్ళ జుట్టు దగ్గర, సగం కాల్చిన బీడీ ముక్క దొరుకుతుంది.

"అది నాదిరా" అంటాడు సోమయ్య. "నాన్న వస్తున్నాడని నీ చెవికి పెట్టాను. మళ్ళీ చూస్తే లేదు. ఎక్కడ పోయిందా అని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను."

"దానికి నన్ను కొట్టాడు నాన్న."

"నాకు వినపడింది."

గవర్రాజు బీడీ ముక్కను వెనక్కి చాపుతాడు. సోమయ్య దాన్ని చెవికి పెట్టుకుంటాడు. మనిషి కాస్త తేరుకున్నట్టు కనిపిస్తాడు.

"పదకొండున్నర" అని కేకేస్తుంది పైడమ్మ లోపల్నుంచి. "పంతులుగారికి చెప్పే కబుర్లు అయిపోయాయంట. గోదారి ఆవలిస్తోందంట."

ఇక మిగిలింది మెడ వెనక భాగం ఒక్కటే. అక్కడ జుట్టు చిన్నపిల్లల జుట్టు, పట్టులాగా మెత్తగా కత్తికి అందకుండా జారుతుంది. చుట్టూ శుభ్రం చేస్తూ వస్తే చివరికి ముచ్చిలిగుంట మీద రూపాయి బిళ్ళంత కుచ్చు మిగులుతుంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడి జుట్టు.

గవర్రాజు కత్తి దించేస్తాడు. తువ్వాలుతో తుడిచి, మడిచి, మోకాలి పక్కన పెడతాడు.

"అయిపోయింది."

"అవలేదు."

"ఇంతే కదా. ఎవరికి కనిపిస్తుంది?"

"నాకు కనిపిస్తోంది. నేను వెనకాలే ఉన్నాను."

గవర్రాజు కళ్ళు తెరవడు. గోడవైపు తిప్పిన అద్దంలో ఒకడు చిన్నగా దగ్గుతాడు.

"ఇది తీసేస్తే నువ్వెళ్ళిపోతావు" అంటాడు గవర్రాజు. "నాకు బాధ లేదన్నయ్యా. పది రోజుల్నించీ వెతుక్కుంటున్నాను, ఎక్కడా లేదు. బాధ లేకుండా నిన్ను పంపించడం బాగోలేదు. ఉండిపో. పీటయితే అయ్యావు. రోజూ తుడుస్తాను."

 

"ఆరోజు పొలమూరాయన తల నేను సగంలో వదిలేశాను" అంటాడు సోమయ్య. "నువ్వు నా ముఖం చూశావు. చూసి కూడా ముందు ఆయన తల పూర్తి చేశావు. తప్పు చేశానని కుములుతున్నావు, తెలుసు. తప్పు కాదురా. నేనైనా అదే చేద్దును. నా చివరి తలని నువ్వు సగంలో వదల్లేదు. నీ తలని నేనెలా వదుల్తాను?"

గవర్రాజు మోకాలి పక్కన కత్తి కోసం తడుముకుంటాడు.

"ఎడంచెయ్యి పెట్టి చూడు అక్కడ. అక్కడొకటుంది. నీకెప్పుడూ చూపించలేదు."

గవర్రాజు వేళ్ళు ఆ కుచ్చు కిందికి పోతాయి. చర్మం మీద గట్టు తగులుతుంది. బొటనవేలంత పొడుగు, కాస్త వంకర. యాభై రెండేళ్ళ వయసులో తన మెడ మీద ఉన్నదాన్ని మొదటిసారి ముట్టుకుంటున్నాడు.

"నాకు పదిహేనేళ్ళు" అంటాడు సోమయ్య. "పని నేర్చుకోమని నాన్న కుండకు నురగ రాసిచ్చాడు. గీస్తుంటే కుండ పగిలింది. ఇంకో కుండ అడిగితే తంతాడు. నువ్వు అరుగు మీద కూర్చుని జామకాయ తింటున్నావు. కూర్చోరా, కుండలాగా కదలకుండా కూర్చో అన్నాను. కూర్చున్నావు. కత్తి నిలబెట్టేశాను. తెగింది. బాగా తెగింది."

"నాకు గుర్తులేదు."

"నువ్వు ఏడవలేదు. కుండ ఏడవదు కదా అన్నావు. నేను చెయ్యి పెట్టి నొక్కిపట్టుకున్నాను. అప్పట్నించీ నీ తల ఇంకొకడికి ఇవ్వలేదు. అప్పట్నించీ ఆ చెయ్యి తియ్యలేదు."

గవర్రాజు కత్తి విప్పుతాడు. గట్టుకి అటూ ఇటూ వేళ్ళు పెట్టి, చర్మం లాగిపట్టి, కత్తిని పడుకోబెట్టి, పైనుంచి కిందికి ఒక్కటే గీత గీస్తాడు. పసి జుట్టు రాలుతుంది. అది ఒళ్ళో పడదు, దూదిపింజలాగా వసారాలో తేలుతూ ఉంటుంది.

అప్పుడు నొప్పి పుడుతుంది. కత్తి కోసిన నొప్పి కాదు, ఈసారి కత్తి కొయ్యలేదు. నలభై మూడేళ్ళ కింద పుట్టాల్సిన నొప్పి, ఇన్నాళ్ళూ ఒకరి అరచేతి కింద ఆగి ఉన్నది, మెడలోంచి భుజంలోకి, భుజంలోంచి ఎడమచేతిలోకి, వేళ్ళ చివర్లలోకి దిగుతుంది. వేళ్ళు కాలుతాయి. నుదుటి మీది పటిక ఇప్పుడు మండుతుంది. కాఫీ చేదుగా ఉందని తెలుస్తుంది. గవర్రాజు నోరు తెరిచి తొమ్మిదేళ్ళ పిల్లవాడిలాగా ఏడుస్తాడు. అన్నయ్యా, నొప్పిరా, నొప్పిగా ఉందిరా అని ఏడుస్తాడు. పైడమ్మ గుమ్మంలో నిలబడి, ఆపకుండా వింటుంది.

సోమయ్య పీట మీంచి లేస్తాడు. నడుం విరుచుకుంటాడు. చెవి మీది బీడీ ముక్క సర్దుకుని, మెట్లు దిగి, రేవు దారిన వెళతాడు. చొక్కా ఎడమచెయ్యి ఖాళీగా ఊగుతూ ఉంటుంది.

"చెయ్యి మర్చిపోయాడు" అంటుంది పైడమ్మ.

"మర్చిపోలేదు వదినా."

అది గవర్రాజు గుండు వెనకాల ఉంది. అరచెయ్యి ముచ్చిలిగుంట మీద, వేళ్ళు నడినెత్తివైపు, నలభై మూడేళ్ళుగా ఉన్నట్టే ఉంది. పైడమ్మ గంధం గిన్నె తెస్తుంది. మరిది గుండుకీ, తర్వాత ఆ చేతి వేళ్ళకీ, ఒక్కొక్క వేలుకీ మెల్లగా గంధం రాస్తుంది. ఉంగరం వేలు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. తర్వాత గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

రేవులో గోదారి అప్పటికే చీర కుచ్చెళ్ళు సర్దుకున్నట్టు అలలు సర్దుకుంటోంది. పంతులుగారు గవర్రాజును మోకాలి లోతు నీళ్ళలో నిలబెడతారు.

"ఆ మూడో చెయ్యి ఎవరిది?"

"మా అన్నదండి."

"పోయినవాడికి పోయినవాడే నీళ్ళివ్వకూడదయ్యా."

"ఇవ్వడానికి కాదండి. పట్టుకోడానికి."

పంతులుగారు ఒక క్షణం ఆలోచించి, శాస్త్రం కాదనలేదని తల ఊపుతారు. పేరూ గోత్రం చెప్పిస్తారు. గవర్రాజు దోసిలి నింపుతాడు. ముచ్చిలిగుంట మీద రెండు వేళ్ళు రెండుసార్లు తడతాయి. అతను తల వంచుతాడు.

వదిలిన నీళ్ళు కిందికి పడవు. వేళ్ళ సందుల్లోంచి జారి, మోచేతుల మీదుగా, భుజాల మీదుగా పైకెక్కి, మెడ వెనకాల వెల్లకిలా తిరిగిన అరచేతిలోకి చేరతాయి. మూడుసార్లు వదులుతాడు. మూడుసార్లూ అంతే.

పన్నెండవుతుంది. గోదారి వెళ్ళిపోతుంది. అన్ని నీళ్ళూ ఒక్కసారిగా కదిలి, కింది ఊళ్ళ బిందెల వైపు వెళ్ళిపోతాయి. పంతులుగారు చెప్పులు వేసుకుని ఇంటికి పోతారు. రేవంతా పొడి ఇసుక, మధ్యలో తల వంచుకుని గవర్రాజు.

మెడ వెనక అరచేతిలో గుక్కెడు గోదారి మిగిలింది. అందులో ఆవగింజంత పడవ దిగువకి వెళుతోంది. పడవలో పీట వేసుకుని, ఒంటిచేత్తో బీడీ వెలిగించుకుని, ఒక మనిషి కూర్చున్నాడు. పొగ గవర్రాజు చెవి పక్కనుంచి పోతోంది. అతను వెనక్కి తిరిగి చూడలేడు, అది అతనికి ఎదుట లేని చోటు. తడి తెలుస్తోంది, పొగ తెలుస్తోంది, పడవ బరువు తెలుస్తోంది.

పడవ అవతలికి చేరడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేదు. అది ఒరగకూడదని గవర్రాజు తల ఎత్తడు.